దళపతి పేరున పిట్టకు పెట్టిన మంగళవారం

బస్సు ఎందుకు ఆలస్యమైందని డిపోలో అడిగితే చెప్పుకోవడానికి కండక్టరు దగ్గర కొన్ని కారణాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. టైరు పంక్చరు, రైలు గేటు, మేడారం జాతర రద్దీ, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. కొత్తగా టికెట్ మిషను మెడలో వేసుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇవి నేర్పక్కర్లేదు, వాటంతట అవే వస్తాయి. నా సర్వీసులో మాత్రం ఒకసారి వీటిలో ఏదీ పనికిరాలేదు. ఆ రోజు నా బస్సు ఒక మరణం వల్ల ఆలస్యమైంది. చనిపోయినవాడు ఏడు వందల ఏళ్ళ కిందటి మనిషి.

నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం రిటైర్మెంటు ఎదురుగా పెట్టుకుని, రోడ్డు పక్కన బస్సు ఆపుకుని, ఒక కాకి కోసం ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు నాది హన్మకొండ నుంచి కేసముద్రం పోయే పొద్దుటి బస్సు. దారి పొడవునా ఎక్కేవాళ్ళలో ఎక్కువ మంది కేసముద్రం మార్కెట్ యార్డులో పని చేసేవాళ్ళే. గింజలు చెరిగే ఆడవాళ్ళు, మూటలు మోసే హమాలీలు, పప్పుల వ్యాపారం చేసే ఒక సేటు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యాక ఆటోల్లో పోయేవాళ్ళు కూడా నా బస్సుకే వచ్చారు. లోపల కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఆ రద్దీలోనూ డ్రైవరు వెనక మూడో సీటులో, కిటికీ పక్కన, ఒక మనిషికి జాగా మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆయన్ని అందరూ సారు అనేవాళ్ళు.

సారు మార్కెట్ ఆఫీసులో గుమస్తా. చరిత్ర ఆయనకు ఉద్యోగం కాదు, జబ్బు. పేపర్లో ప్రతి ఆదివారం కాకతీయుల కాలం గురించి రాసేవాడు. ఆదివారం ఏం రాయబోతున్నాడో ముందు బస్సులో చెప్పి చూసుకునేవాడు. జనం నోరు తెరిచి వింటే అది పేపరుకు పోయేది. ఎవరైనా ఆవులిస్తే మర్నాటికి ఆ ముక్క మారిపోయేది. వరంగల్ కోట మీద పుస్తకాలు రాసినవాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ళలో మంగలి షాపులో చదివింది మాత్రం ఈయన్నే.

మా డ్రైవరన్నకు మాటలు తక్కువ. ఆయన ఎంత వింటున్నాడో మాకు బస్సు వేగం చెప్పేది. యుద్ధం వచ్చిందంటే యాక్సిలరేటరు తొక్కేవాడు. ఒకసారి కోట ముట్టడి జరుగుతుంటే టైముకంటే ముందే కేసముద్రం చేరాం, దానికీ మెమో ఇచ్చారు.

సారు రాసినవాళ్ళందరిలో జనానికి ప్రాణం ఒక దళపతి. పేరు ఇక్కడ రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది. కేసముద్రం ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు పక్క పత్తి చేనులో ఒక రాయి ఉంటుంది. కత్తి పట్టుకుని నిలబడ్డ మనిషిని దాని మీద చెక్కారు. కింద నాలుగు అక్షరాలు, అవీ అరిగిపోయినవే. రోజూ బస్సు కిటికీలోంచి ఆ రాయిని చూసీ చూసీ సారు ఆ మనిషికి ఒక పేరు పెట్టాడు, గుర్రం ఇచ్చాడు, కోట ఈశాన్యపు దిక్కున కాపలా పెట్టాడు. ఇక బస్సు బస్సంతా ఆ దళపతికి చుట్టమైపోయింది. గుర్రానికి కాలు బెణికిందంటే బస్సులో ఒక అవ్వ పసుపూ సున్నమూ కలిపి పట్టు వేయమని సలహా ఇచ్చింది. సారు ఆ వారం అలాగే రాశాడు కూడా.

ఈ అవ్వ గురించి చెప్పాలి. యార్డులో గింజలు ఊడ్చే మనిషి. చదువు లేదు, భయం అసలే లేదు. సారుకు పక్క సీటు ఆవిడదే. పేపరులో వచ్చింది మళ్ళీ ఆవిడకు చదివి వినిపించాలి, లేకపోతే సారును దిగనిచ్చేది కాదు.

అలా సాగిపోతుంటే ఎవరో సారును ఒక సభకు పిలిచారు. అక్కడ ఒక పెద్ద ప్రొఫెసరు అందరి ముందూ, "ఆ దళపతికి ఆధారం ఏమిటి?" అని అడిగాడట. సారు, "రాయి ఉంది" అన్నాడట. "ఆ రకం రాయి యుద్ధంలో చచ్చినవాడికే పెడతారు. రాయి మీకు ఆధారమైతే మీవాడు ఎప్పుడో చావాలి. ఇంకా గుర్రం మీద ఎందుకు తిరుగుతున్నాడు?" అన్నాడట ఆయన. సభంతా గొల్లున నవ్విందట. ఆ మాట సారును తినేసింది. నిజం ఒక్కటైనా రాస్తానని పట్టుబట్టి, ఆ ఆదివారం, బస్సులో ముందు ఒక్క ముక్క కూడా చెప్పకుండా, దళపతిని చంపేశాడు.

సోమవారం బస్సు ఎలా ఉందో చెబితే మీరు నమ్మరు.  సారు ఎక్కాడు. ఆయన సీటులో అవ్వ తన గంప పెట్టింది. ఆయన గంప వైపు చూశాడు, అవ్వ కిటికీలోంచి బయటికి చూసింది. ఆ రోజు కేసముద్రం దాకా సారు నిలబడే వచ్చాడు. బ్రేకు పడినప్పుడల్లా పక్కవాళ్ళ మీద పడుతుంటే, వాళ్ళు ముళ్ళు గుచ్చుకున్నట్టు జరిగారు. డ్రైవరన్న శవయాత్ర వెనక పోతున్నట్టు నడిపాడు. నాకు సారు మీద జాలి కలిగింది, కోపం కూడా వచ్చింది. ఆ గుర్రాన్ని నేనూ ఇష్టపడ్డాను మరి.

దిగేటప్పుడు అవ్వ తీర్పు చెప్పింది.

"ఓ సారూ, సంపితె సంపినవ్. రేపటికి మూడొద్దులు. పిట్టకు పెట్టాలె. పుట్టిచ్చింది నువ్వే, సంపింది నువ్వే, పెట్టేది సుత నువ్వే."

మా దిక్కు ఆచారం తెలియనివాళ్ళకు చెబుతాను. మనిషి పోయిన మూడో రోజు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్ళు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని, నీ పిల్లల్ని చూసుకుంటాం, నీ బర్రెను అమ్మం అని ఒక్కొక్కరూ మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఇంటికి కదలరు.

"మంగళారం మంచిది కాదు" అన్నాడు సేటు.

"సచ్చి ఏడు వందల ఏండ్లాయె. ఇంకెన్నొద్దులు ఆపుతవ్?" అంది అవ్వ.

ఇదంతా కోపంలో అన్న మాట, తెల్లారితే మరిచిపోతారు అనుకున్నాను. మంగళవారం ఆ రాయి దగ్గరికి రాగానే డ్రైవరన్న ఎవరూ అడగకుండానే బస్సు పక్కకు తీసి ఇంజన్ ఆపేశాడు.

"అన్నా, ఇది స్టాపు కాదు" అన్నాను.

"ఐదు నిమిషాలు చెల్లె" అన్నాడు. నెలల తర్వాత ఆ మనిషి నాతో అన్న మొదటి మాట అది. ఇంకేం అంటాను? నేను బ్యాగు సర్దుకునే లోపలే బస్సు సగం ఖాళీ అయింది.

చేను గట్టున జనాన్ని చూసి ఆ చేను రైతు మోటరు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందుల్లా, నా భూమిల ఏం సర్వే చేత్తాండ్రు? పట్టా నా పేరు మీదనే ఉన్నది!"

"సర్వే లేదు, ఏం లేదు. ఈ రాయాయన పోయిండు. పిట్టకు పెట్టవడితిమి" అంది అవ్వ.

రైతు రాయి వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు. మనిషి ఎలా పోయాడు, ఎప్పుడు పోయాడు అని ఒక్క మాట అడగలేదు. "ముందుగాల చెప్పద్దా? మోటరు కాడ నీళ్ళున్నయ్, కాళ్ళు చేతులు కడుక్కోండ్రి" అన్నాడు.

విస్తరి పరిచారు. అప్పుడు అవ్వ అడిగింది. "ఆయినకేం ఇష్టం?"

సారు వంగి విస్తరి అంచు సర్దాడు.

"ఏం తినేటోడు సారూ?"

"రాయలేదు అవ్వా."

"ఇన్ని వారాలు కత్తి ఎంత పొడుగు, గుర్రం ఎంత ఎత్తు అన్నీ రాత్తివి. ఒక్కపూటన్న బువ్వ పెట్టలేదా ఆయనకు? ఉపాసంతోనే సంపినవా?"

జనంలో ఆడవాళ్ళు అయ్యో అన్నారు. అందరూ తమ తమ టిఫిన్ డబ్బాలు తెచ్చి రాయి ముందు మూతలు తీశారు. టమాట పప్పు, ఆలుగడ్డ కూర, పల్లి చట్నీ, మిరపకాయ తొక్కు, ఎండు చేపల పులుసు. చూస్తే కడుపు నిండేలా ఉంది. అప్పుడు సారులో చరిత్రకారుడు నిద్ర లేచాడు. నాకు ఆ క్షణంలో ఆ మనిషి నోటికి ప్లాస్టరు వేయాలనిపించింది.

"ఇది పెట్టకూడదు" అన్నాడు మెల్లగా. "టమాట అప్పటికి మన దేశానికి రాలేదు."

"ఆలుగడ్డ?"

"రాలేదు."

"పల్లీలు?"

"రాలేదు."

ఒక హమాలీ ధైర్యంగా తొక్కు డబ్బా ముందుకు తోశాడు. "ఇది పెట్టు సారూ. మిరపకాయ మనదే గద."

సారు తల అడ్డంగా ఊపాడు. "మిరపకాయ కూడా రాలేదు తమ్మీ. ఆ తర్వాత చాలా ఏండ్లకు సముద్రం మీద వచ్చింది."

వరంగల్ చుట్టుపక్కల మిరప పండించి, మిరప మోసి, మిరప ఘాటుకు తుమ్మీ తుమ్మీ బతికే జనం వాళ్ళు. హమాలీ డబ్బాకు మూత పెట్టేశాడు. దళపతి చచ్చాడని తెలిసిన ఆదివారం కూడా వాళ్ళ ముఖాలు అంత దిగాలుగా ఉండి ఉండవు.

"కారం లేకుంట రాజ్యం ఎట్లేలిండ్రుల్లా!" అన్నాడు మా డ్రైవరన్న.

చివరికి అన్ని డబ్బాలలోనూ కారం తగలనిది ఒక్కటే, సేటు డబ్బా. కడుపులో మంట అని డాక్టరు కారం బంద్ చేయిస్తే, ఆయన జొన్న రొట్టె, పెరుగు తెచ్చుకునేవాడు. బస్సులో అందరూ ఆ డబ్బాను చూసి ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పుడు అందరూ ఆయన వైపే చూశారు. సేటు డబ్బాను ఛాతీకి ఆనించుకున్నాడు.

"నేనేం తినాలె మరి?"

"నువ్వు బతికే ఉన్నవ్ గద సేటూ" అంది అవ్వ.

రొట్టె విస్తరిలో పెట్టి అందరం దూరం జరిగాం. కరెంటు తీగ మీద ఒక కాకి ఉంది. అది అంతా చూసింది. కదల్లేదు. ముందుగా ఒక కొంగ నడుచుకుంటూ వచ్చింది. కొంగ లెక్కకు వస్తుందా రాదా అని కొంత వాదన జరిగింది. అది విస్తరిని దాటి మడుగు వైపు పోయింది కాబట్టి వాదన ఆగింది. తర్వాత రైతు బర్రె తాపీగా వచ్చి విస్తరి వాసన చూసింది. డ్రైవరన్న దాని కొమ్ములు పట్టుకుని, "నువ్వు ముడితె నడవది తల్లీ" అని బతిమాలి వెనక్కి తిప్పాడు.

మాట ఇవ్వడం మొదలైంది.

"మీ కోటను మంచిగ సూసుకుంటం" అన్నాడు హమాలీ.

"ఎవలు, నువ్వా? మొన్ననే పోయి గోడ మీద పేరు గీకి వస్తివి" అంది ఒకావిడ.

"నీ పేరు మీద పప్పు పంచిపెడత" అన్నాడు సేటు. కాకి రెక్క కింద ముక్కుతో గోక్కుంది. ఏం పప్పో చెప్పలేదు కదా అన్నారెవరో.

"నీ రాయి కాడ ఇగ ఎన్నడు హారన్ కొట్ట" అన్నాడు డ్రైవరన్న. నాకు అది చాలా పెద్ద త్యాగమనిపించింది. కాకికి అనిపించలేదు.

నా ఫోన్ మోగుతూనే ఉంది, డిపో నుంచి. కేసముద్రంలో యార్డు గేటు తెరిచి, ఊడ్చేవాళ్ళు లేక, మోసేవాళ్ళు లేక, రాసే గుమస్తా లేక మక్కజొన్నల బండ్లు రోడ్డు మీద ఆగిపోయాయట.  ఇన్నేళ్ళ సర్వీసు చేసి చివర్లో సస్పెండ్ అయి ఇంటికి పోతే మావాళ్ళకు ఏమని చెప్పాలి? కాకి ముట్టలేదని చెప్పాలా? "ఇగ పోదాం పాండ్రి, మీకు దండం పెడత" అని అరిచాను. ఒక్కరు కదల్లేదు. వాళ్ళ తప్పు కూడా కాదు. పిట్ట ముట్టకుండా ఎవరైనా ఎలా కదులుతారు?

"సారూ, నువ్వు పిలువు. నువ్వు పిలుస్తెనే వత్తడు" అంది అవ్వ.

సారు ముందుకు పోయి, దళపతిని పేరు పెట్టి పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి పిలవలేకపోయాడు. చేను మధ్యలో కూలబడి, మా వైపు తిరిగి అన్నాడు.

"ఆ పేరు నేనే పెట్టిన. రాయి మీద పేరు అరిగిపోయింది. ఆయన పేరేందో నాకు తెల్వది. ఎవలకూ తెల్వది."

బస్సులో ఎన్నో వారాలు మేము పిలిచిన పేరు అది. ఒకావిడ మనవడికి పెట్టుకుంది కూడా. ఇక కొడతారు ఈయన్ని అనుకున్నాను. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"గదే గద! ఇన్నొద్దుల సంది ఎవల పేరో పెట్టి పిలుస్తె ఆయిన ఎట్లత్తడు? పక్కింటోన్ని పిలుత్తాండ్రేమో అనుకుంటడు. పేరు లేకుంటనే పిలువు. ఇంట్ల మనిషిని పేరు పెట్టి పిలుత్తమా?"

సారు మళ్ళీ రాయి వైపు తిరిగాడు. అరిగిపోయిన అక్షరాల మీద చెయ్యి పెట్టాడు. సభలో మాట్లాడే గొంతు కాదు, బస్సులో కథ చెప్పే గొంతు కూడా కాదు. ఇంట్లో మాట్లాడే గొంతు.

"ఇగో, నీ పేరు నాకు తెల్వది. నువ్వేం తిన్నవో తెల్వది. నువ్వు సచ్చిపోయినవన్నదొక్కటే తెలుసు. రొట్టె ఉన్నది. కారం లేదు. జర తిను."

కాకి దిగింది. రొట్టె అంచు పొడిచి, ఒక ముక్క నోట కరుచుకుని, రాయి తల మీద కూర్చుని తిన్నది.

ఆడవాళ్ళు కొందరు గట్టిగా ఏడ్చారు, ఇంట్లో మనిషి పోయినట్టే. నేనూ ఏడ్చాను. దళపతి కోసం ఏడ్చానో, బస్సు కదులుతుందన్న సంతోషంతో ఏడ్చానో ఇప్పటికీ తెలియదు. రైతు, "ఏటేట వత్తరా? వత్తె జర ముందుగాల చెప్పుండ్రి, బర్రెను కట్టేత్త" అన్నాడు.

బస్సెక్కాక సారు పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ గంప తీసి ఒళ్ళో పెట్టుకుని సీటు మీద చేత్తో తట్టింది.

"కూసో. ఆయన పెండ్లాం ఏమాయె?"

"రాయి మీద పెండ్లాం లేదవ్వా."

"రాయి మీద లేకపోతె ఇంట్ల ఉండదా?"

సారు కిటికీ పక్కన కూర్చున్నాడు. తర్వాత అవ్వను ఒక ప్రశ్న అడిగాడు. మీ అమ్మమ్మ కాలంలో మిరపకాయ దొరకని రోజు కూర ఎలా వండేది అని. ఆ రోజు నుంచి బస్సులో అవ్వ చెప్పేది, సారు వినేవాడు. పేపర్లో యుద్ధాలు తగ్గిపోయి జొన్నలు, మజ్జిగ, మిరియాలు వచ్చాయి. మావాళ్ళు ఇంకా ఇష్టంగా విన్నారు. డ్రైవరన్న ఒక్కడికే నచ్చలేదు, బస్సు మెల్లగా పోయేది. పుస్తకం వచ్చినప్పుడు అందులో దళపతికి పేరు లేదు. బయట మాత్రం పాత పేరు పోలేదు, దారిలో ఒక పాన్ డబ్బాకు ఆ పేరే ఉంది. ఆ పుస్తకం మీద ప్రొఫెసరు ఏమన్నాడో నాకు తెలియదు, మంగలి షాపులో మాత్రం చిరిగిపోయేదాకా చదివారు.

ఇక నా సంగతి. మెమో వచ్చింది. కారణం అన్న చోట ఏం రాయాలో తెలియక, "ప్రయాణికుల ఇంట్లో మరణం" అని రాశాను. మా మేనేజరు కొత్తవాడు, చిన్నవాడు, నవ్వగా ఎవరూ చూడని మనిషి. నన్ను నిలబెట్టి ఆ కాగితం పైకి చదివాడు.

"ఏ ప్రయాణికుడి ఇంట్లో?"

"అందరి ఇంట్లో సార్."

"ఆదివారం పేపర్లో..." అని ఆయన దళపతి పేరు పలికాడు.  "ఆయనేనా?"

"ఆయనే సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు.  పెన్షన్ పోయింది అనుకున్నాను.

"పిట్ట ముట్టిందా?"

"ముట్టింది సార్."

ఆయన ఊపిరి వదిలి, పెన్ను తీసి సంతకం చేసి, కాగితం పక్కన పెట్టాడు.

"ఆ మాట ముందే రాయొద్దా అమ్మా" అన్నాడు.